గేటు మాస్టారి గొంతు, వెనక బెంచీ డస్టరు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక వీరగాథ. మనిషికీ యంత్రానికీ జరిగిన యుద్ధం, చావుతో పందెం, పోయిన గొంతు తిరిగొచ్చిన అద్భుతం, అన్నీ ఉంటాయి, రుమాలు దగ్గర పెట్టుకోండి అని మొదలుపెడదామనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుని చూసుకుంటే ఇందులో ఉన్నవి ఒక పెద్ద టీవీ, ఒక చెక్క డస్టరు, ఒక రైస్‌మిల్లు యజమాని. యుద్ధం ఎక్కడా జరగలేదు. పందెంలో చావే గెలిచింది, అది ఎప్పుడూ గెలిచేదే కాబట్టి విశేషమేమీ కాదు. "ఆ రోజుల్లో" అని నిట్టూర్చే హక్కు కూడా నాకింకా రాలేదు. ఆ రోజులు వెళ్ళిపోయి మూడు నాలుగేళ్ళు అయిందంతే, నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అయినా ఆ రోజుల్లో నేను ఇప్పటికంటే చాలా తెలివైనవాణ్ణి, ఆ తెలివి ఏమైపోయిందో చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

మాది తెనాలి. డిప్లొమా పూర్తిచేశాను (ఇది మా నాన్న చుట్టాలకి చెప్పే మాట. నిజానికి ఒక సబ్జెక్టుకీ నాకూ ఇప్పటికీ మాటల్లేవు). ఖాళీగా తిరుగుతుంటే మా మేనమామ తెలిసినవాళ్ళకి చెప్పి, తెనాలికీ రేపల్లెకీ మధ్య, రైలు పట్టాల పక్కనే ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో 'డిజిటల్ క్లాస్ ఇన్‌ఛార్జి'గా పెట్టించాడు. పేరు చూసి భయపడకండి. టీవీ వేయడం, కట్టేయడం, అదీ ఉద్యోగం. ఆ టీవీ మాత్రం మామూలుది కాదు, పదో తరగతి గదిలో గోడ సగం ఆక్రమించి, వేలితో ముట్టుకుంటే పనిచేసేది. తెనాలిలో ఇంకో స్కూలువాళ్ళు అలాంటిదే కొని దాని ఫొటోతో ఫ్లెక్సీ వేయించుకుంటే, రైస్‌మిల్లు యజమాని అయిన మా కరస్పాండెంట్ గారికి ఆ ఫ్లెక్సీ కంట్లో నలుసైంది. వెంటనే తెప్పించారు. తెప్పించిన రోజున కొబ్బరికాయ కొట్టి, మిల్లులో కొత్త మోటారుకి చేసినట్టే టీవీ అద్దం మీద నాలుగు మూలలా పసుపు ముద్ద రాసి కుంకుమ బొట్లు పెట్టారు. బొట్టు పెట్టిన చోటల్లా ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నారని ఆ టీవీ అనుకుంది. నేను ఒకటి ముట్టుకుంటే అది నాలుగు తెరిచేది. వచ్చిన ఇంజనీరు చూసి వైరస్ అన్నాడు. తడిగుడ్డతో తుడిచాక వైరస్ పోయింది.

ఆ గదిలో ఆ టీవీని ఏమాత్రం ఖాతరు చేయని మనిషి ఒక్కరే, బయాలజీ చెప్పే మాస్టారు. రేపల్లె నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వచ్చేవారు. ఆయన పాఠం మొదలుపెడితే రైల్వే గేటు దగ్గర ఆగిన వాళ్ళకి కూడా జీర్ణవ్యవస్థ వినపడుతుందని పిల్లలు ఆయనకి గేటు మాస్టారు అని పేరు పెట్టారు. పాఠం మధ్యలో బండి వస్తే మాత్రం ఆయన గొంతు పెంచేవారు కాదు. వాక్యం సగంలో ఆపి, సుద్దముక్క పట్టుకుని కిటికీ వైపు చూస్తూ నిలబడి, ఆఖరి పెట్టె దాటాక ఆపిన మాట దగ్గర్నుంచే అందుకునేవారు. కొత్త టీవీ పైన చట్రం కనపడగానే దానికి దారం కట్టి గుండె బొమ్మ చార్టు వేలాడదీశారు. టీవీలో గుండె కొట్టుకుంటూ కూడా కనపడుతుందండి మాస్టారూ అని నేను వెళ్ళి చెప్తే, కొట్టుకునేది పిల్లల దగ్గర ఎలాగూ ఉంది, బొమ్మ కదలకుండా ఉంటేనే గీసుకుంటారు అన్నారు. నాకు ఆయన మీద జాలేసింది. పాతకాలం మనిషి అనుకున్నాను (నా మీద జాలిపడాల్సిన వాళ్ళు ఎంతమంది ఉన్నారో అప్పటికి తెలియదు).

ఆ చలికాలంలో ఆయన గొంతు బొంగురుపోయింది. స్టాఫ్ రూములో అందరూ తలో వైద్యం చెప్పారు. మిరియాల పాలు అన్నారు, కరక్కాయ అన్నారు, మా లెక్కల మేడం అయితే ఫ్యాను కింద పడుకోవద్దని ఒకటే చెప్పడం. గేటు దాకా వెళ్ళే గొంతు క్రమంగా వరండాలో కొళాయి దాకా రావడం మొదలుపెట్టాక గుంటూరు వెళ్ళి చూపించుకున్నారు. తిరిగొచ్చిన రోజు నా పక్కన కూర్చుని టీ తాగుతూ, స్వరపేటిక మొత్తం తీసేస్తారట అబ్బాయ్ అని, బండి లేటట అన్నంత మామూలుగా చెప్పారు. నేను బిస్కెట్టు ఇచ్చాను. ఆయన తీసుకుని, టీలో ముంచి, అడిగారు:

"నీ టీవీలో మనిషి మాట దాచి పెట్టొచ్చా?"

పెట్టొచ్చండి అన్నాను.

"అయితే నాది పెట్టు. గొంతు లేని మాస్టారు ఎందుకని ఇంటి దగ్గర కూర్చోమంటారు. నాకు ఇంటి దగ్గర కూర్చోవడం రాదు."

అదీ సంగతి. ఆయనకి కావలసింది అంతకంటే పెద్దదేమీ కాదు. ఆపరేషన్ తర్వాత కూడా ఆ గదిలో ఉండాలి. పాఠం టీవీలో ఆయన గొంతు చెప్తే, పిల్లల్ని ఆయన చూసుకుంటారు. నాకు ఒళ్ళు పులకరించింది. విద్యారంగంలో విప్లవం నా చేతుల మీదుగా, అదీ రేపల్లె లైన్లో జరగబోతోంది. చొక్కాకి తగిలించే చిన్న కాలర్ మైకు తెప్పించాను, వీడియోకి నా ఫోన్నే ఒక స్టాండుకి బిగించాను. ఆదివారం ఖాళీ గదిలో, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఆయన్ని నిలబెట్టి మొదలుపెట్టమన్నాను. ఆయన కాసేపు సంతాపసభలో మాట్లాడినట్టు మాట్లాడి ఆగిపోయారు. "ఎదురుగా ఎవడో ఒకడు ఆవలించకపోతే నాకు పాఠం రాదయ్యా" అన్నారు. సరే, పదో తరగతి పిల్లలకి అప్పుడే రివిజన్ మొదలైంది కాబట్టి పాఠాలన్నీ ఎలాగూ మళ్ళీ చెప్పాలి, క్లాసులోనే రికార్డు చేద్దామన్నాం. కాలర్ మైకు గొప్పతనం ఏంటంటే తగిలించుకున్న మనిషి మాట తప్ప పక్కవాళ్ళ మాట దానికి పెద్దగా పట్టదు. పిల్లల గోల ఒక్క ముక్క పడలేదు, చూశారా నా తెలివి అని ఇంట్లో చెప్పుకున్నాను. ఆయన ప్రశ్న అడుగుతారు, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత "ఆ, అంతే. కూర్చో" అంటారు. ఆ నిశ్శబ్దంలో ఒక పిల్లాడు జవాబు చెప్పాడన్న విషయం అందులో లేదు. చప్పుడు పడని బండి కోసం ఆగడాలూ, కిటికీ దగ్గర కూర్చునే కళ్ళజోడు కుర్రాణ్ణి "ఒరేయ్ కళ్ళజోడూ, బయటేముందిరా, లోపలికి చూడు" అని రోజూ పిలవడాలూ మాత్రం ఉన్నాయి. తర్వాత కత్తిరిద్దామనుకుని బద్ధకించాను. ఆపరేషన్‌కి వెళ్ళే నాటికి ఆఖరి పాఠం కూడా అయిపోయింది. ఆ ఆఖరి పాఠంలో ఆయన గొంతు ముందు బెంచీ దాటలేదు. మైకు ఆయనకి దగ్గరగా ఉంది కాబట్టి దానికి వినపడింది.

జూన్‌లో వచ్చారు, మెడ చుట్టూ తెల్లటి గుడ్డతో. గొంతుకి ఆనించుకుని మాట్లాడే చిన్న మిషన్ ఒకటి ఆస్పత్రిలో చూపించారట. ఒకసారి పట్టుకుని మాట్లాడి చూసి, పలక తీసుకుని 'మా ఇంట్లో మిక్సీ నయం' అని రాసి ఇచ్చేశారని ఆయన భార్య (నేను పిన్నిగారు అనేవాణ్ణి) చెప్పింది. కొత్త పదో తరగతి. టీవీలో నిరుటి మాస్టారు చొక్కా మడతపెట్టుకుంటూ పాఠం చెప్తుంటే, ఈ ఏటి మాస్టారు ఆఖరి బెంచీ వెనక కుర్చీలో కూర్చునేవారు, చేతిలో చెక్క డస్టరు. టీవీ ప్రశ్న అడుగుతుంది. నేను ఆపుతాను. ఒక పిల్లాడు లేచి జవాబు చెప్తాడు. తప్పయితే వెనక నుంచి బెంచీ మీద ఠప్‌మని డస్టరు. ఇంకొకడు లేస్తాడు, మళ్ళీ ఠప్. డస్టరు మోగకపోతే జవాబు సరైనదన్నమాట, అప్పుడు నేను వదిలితే టీవీ "ఆ, అంతే. కూర్చో" అంటుంది. శబ్దం రాకపోవడమే మెచ్చుకోలు. పిల్లలకి వారంలో అలవాటైపోయింది. కిటికీ దగ్గర ఇప్పుడు కళ్ళజోడు ఎవరికీ లేదు, కానీ టీవీ రోజూ తిడుతుంది కాబట్టి ఎవరో ఒకరు తిట్లు తినాలి కదా అని వాళ్ళే వంతులు వేసుకున్నారు. ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్ళు "సారీ సార్" అనేవాళ్ళు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. మాస్టారి భుజాలు కదులుతున్నాయి. నవ్వుకి చప్పుడు లేకపోతే ఏడుపులాగే ఉంటుందని ఆ రోజు తెలిసింది, అలవాటయ్యేదాకా ప్రతిసారీ కంగారుపడేవాణ్ణి.

ఇలా సాగుతుండగా కరస్పాండెంట్ గారు ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూసి, నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆయన తర్కం మిల్లు తర్కం. పాఠం టీవీ చెప్తోంది. టీవీ నొక్కడానికి నువ్వున్నావు. మరి పాపం ఆరోగ్యం బాగాలేని మనిషి రేపల్లె నుంచి బండెక్కి రావడమెందుకు, విశ్రాంతి ఇద్దాం అన్నారు. నేను ఏదో అనబోయాను. నీ రికార్డింగు అంత బాగుందయ్యా అన్నారు. నా జీవితంలో నాకు దక్కిన ఏకైక ప్రశంస అది, అదీ ఇలా తగలబడింది. ఆ శనివారమే పదో తరగతి గదిలో సన్మానం పెట్టారు. శాలువా, దండ, పళ్ళు. మాస్టారి గొంతు అందరికీ వినిపించమని నాకు ఆజ్ఞ. నేను కంగారులో ఏదో ముట్టుకున్నాను. "ఒరేయ్ కళ్ళజోడూ, బయటేముందిరా, లోపలికి చూడు" అంది టీవీ. వేదిక మీద కునికిపాట్లు పడుతున్న పెద్దలంతా ఒక్కసారి నిటారుగా అయ్యారు. మాస్టారు శాలువా తీసి మడతపెట్టి, పళ్ళు నా చేతిలో పెట్టి, గేటు వైపు నడిచి వెళ్ళిపోయారు. డస్టరు బెంచీ మీదే ఉండిపోయింది. ఆయన సాధించాలనుకున్నది ఒక్కటే, దాన్ని పోగొట్టింది ఆయన గొంతే. ఇంకాస్త చెత్తగా రికార్డు చేసి ఉంటే ఆయన ఉద్యోగం నిలబడేదని నేనూ, నా పళ్ళూ తెనాలి బండిలో కూర్చుని ఆలోచించాం.

ఆ తర్వాత పాఠాలు హాయిగా జరిగిపోయాయి. టీవీ అడిగేది, పిల్లలు చెప్పేవాళ్ళు, టీవీ "అంతే, కూర్చో" అనేది. నేను ఆపాల్సిన పని కూడా లేదు. నాకు బయాలజీ రాదు కాబట్టి నాకు అన్నీ సరిగ్గానే వినపడేవి. క్వార్టర్లీ పరీక్షల పేపర్లు దిద్దిన హెడ్మాస్టారు వాటిని చంకలో పెట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిన తీరు చూస్తే ఎవరో పోయారనుకున్నాం. మింగిన అన్నం గాలిగొట్టంలోకి పోకుండా అడ్డుపడేది ఏది అన్న ప్రశ్నకి మొదటి బెంచీ నాలుక అని రాసింది, రెండో బెంచీ దవడ అని రాసింది, మూడో బెంచీ మంచినీళ్ళు అని రాసింది. అందరూ ధీమాగా కింద గీత కూడా గీశారు. పిలిచి అడిగితే ఒకడు, పాపం చాలా మర్యాదగా చెప్పాడు: "నేను క్లాసులో ఇదే చెప్పానండి. సార్ అంతే అన్నారండి. కూర్చోమని కూడా అన్నారండి." ఇంకో అమ్మాయిది మరీ ఘోరం. నిరుడు తప్పు చెప్పిన వాణ్ణి మాస్టారు తిట్టిన చోటల్లా ఈ అమ్మాయి వంతే వచ్చింది. ప్రతిసారీ సరైన జవాబు చెప్పి, ప్రతిసారీ "సిగ్గు లేదూ, మళ్ళీ చదువు" అనిపించుకుని, ఇంటికెళ్ళి ఏడ్చి, ఆఖరికి పరీక్షలో జాగ్రత్తగా తప్పు రాసి వచ్చింది.

కరస్పాండెంట్ గారు నమ్మలేదు. స్వయంగా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. టీవీ అడిగింది, ఒకడు లేచి రక్తాన్ని శుభ్రం చేసేది కాలేయం అన్నాడు, టీవీ అంతే కూర్చో అంది. కరస్పాండెంట్ గారు తృప్తిగా నా వైపు చూసి, బాగానే చెప్పాడుగా అన్నారు. మూత్రపిండాలండి అని ఆ ఏడ్చిన అమ్మాయి లేచి చెప్పింది. ఆయన టీవీ వైపు చూశారు, ఆ అమ్మాయి వైపు చూశారు. ఇద్దరిలో ఎవరు చెప్పేది నిజమో చెప్పగల మనిషి ఆ గదిలో లేడని ఆయనకి అప్పుడు అర్థమైంది. మిల్లు మనిషి కాబట్టి ఒకసారి అర్థమైతే ఆలస్యం చేయరు. కారు తీయించారు.

రేపల్లెలో మాస్టారు వరండాలో ఈజీ చెయిర్లో ఉన్నారు. ఇంటి దగ్గర కూర్చోవడం రాదన్న మాట నిజమే, కూర్చున్న మనిషిలా లేరు, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టున్నారు. బాగా చిక్కిపోయారు. కరస్పాండెంట్ గారు గొంతు సవరించుకుని (ఆ వరండాలో ఆ పని చేసి ఉండకూడదు, చేశాక ఆయనకే తెలిసింది) పిల్లల మార్కుల గురించి, పబ్లిక్ పరీక్షల గురించి చాలాసేపు తిప్పి తిప్పి చెప్పి, చివరికి రమ్మని అడిగారు. పిన్నిగారు లోపల్నుంచి, ఆయనకి మొన్న మళ్ళీ గుంటూరులో పరీక్షలు చేశారయ్యా, ఏమీ చెప్పలేదింకా అంది. మాస్టారు పలక తీసుకుని ఒక్క ముక్క రాసి నా వైపు తిప్పారు.

'డస్టరు ఉందా, పారేశారా?'

మర్నాడు వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, తప్పు రాసిన పాఠాలన్నీ మళ్ళీ మొదట్నుంచి వేయమని పలక మీద రాసి చూపించారు. మొదటిది శ్వాసక్రియ. అందులో ఏముందో నాకు గుర్తొచ్చేసరికి టీవీ మొదలైపోయింది. నిరుటి మాస్టారు తెర మీద గొంతు మీద చెయ్యి పెట్టుకుని చెప్తున్నారు. "అందరూ ఇక్కడ చెయ్యి పెట్టుకోండి. ఇప్పుడు ఆ అనండి. చేతికి అదురుతోందా? అదే స్వరపేటిక. మనిషి మాటంతా ఆ పెట్టెలో ఉంటుంది." పిల్లలంతా గొంతుల మీద చేతులు పెట్టుకున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వెనక ఆయన ఉన్నారు, మెడకి గుడ్డ ఉంది, ఆ గుడ్డ కింద ఏముందో, ఏం లేదో అందరికీ తెలుసు. నేను రిమోట్ ఎత్తి మళ్ళీ దించాను. ఆపితే ఒక తప్పు, ఆపకపోతే ఇంకో తప్పు. అప్పుడు ఠప్‌మని డస్టరు మోగింది. పిల్లలు వెనక్కి తిరిగారు. ఆయన ఇంకోసారి కొట్టారు. మూడోసారి కొట్టబోతుంటే ఆ ఏడ్చిన అమ్మాయి సన్నగా ఆ అంది, పక్కవాడు అందుకున్నాడు, ఆ తర్వాత గది గదంతా ఆ అని అరిచిన అరుపుకి కిటికీ రెక్కలు అదిరాయి. గేటు దగ్గర ఆగిన వాళ్ళకి తప్పకుండా వినపడి ఉంటుంది. డస్టరు మళ్ళీ మోగలేదు. నేను ఏడవలేదు. ఏడ్చేవాణ్ణేమో కానీ, సరిగ్గా అప్పుడే తెర మీద మాస్టారు నిరుటి బండి కోసం ఆగిపోయి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. బండీ లేదు, చప్పుడూ లేదు. అయినా పిల్లలూ, వెనక మాస్టారూ, నేనూ అందరం ఆ బండి వెళ్ళేదాకా ఆగాం.

పబ్లిక్ పరీక్షల దాకా వచ్చారు. మధ్యలో కొన్ని రోజులు రాలేకపోయారు, ఆ రోజుల్లో నేను టీవీ వేయలేదు, పిల్లలు చదువుకున్నారు. పిల్లలందరూ పాసయ్యారు, ఆ అమ్మాయికి బయాలజీలో అందరికంటే ఎక్కువొచ్చింది, ఆ కబురు పిన్నిగారు చెప్తే విన్నారట. వేసవి సెలవుల్లో పోయారు. రేపల్లె వెళ్ళాను. దండలు బోలెడు వచ్చాయి. స్కూలు తరఫున మళ్ళీ శాలువా తెచ్చారు, మా వాళ్ళకి ఇంకేం తేవాలో తెలియదు.

కర్మకాండలయ్యాక పిన్నిగారు నన్ను పక్కకి పిలిచి, ఆయన మాట మా దగ్గర ఒక్కటీ లేదయ్యా, పెళ్ళి వీడియోలో కూడా మంత్రాలే ఉన్నాయి, నీ దగ్గరున్నది ఇస్తావా అంది. పాఠాలన్నీ ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాను. తర్వాత నాకు బాపట్లలో ఒక కాలేజీలో ప్రొజెక్టర్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది (ఇదీ వేయడం, కట్టేయడమే. కాకపోతే ఇది పైకప్పుకి ఉంటుంది కాబట్టి నేను ఎదిగినట్టే). మొన్నామధ్య పిన్నిగారు ఫోన్ చేసింది. టీవీలో ఆయన రావడం లేదు అంది. ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది. రెండు బస్సులు మారి వెళ్ళాను. చూసి, సరిచేసి పెట్టాను. వంటింట్లో పప్పు పొయ్యి మీద ఉంది, ఆయన తెర మీద రక్తప్రసరణ చెప్తున్నారు. ప్రశ్న అడిగి ఆగారు. ఆ నిశ్శబ్దంలోకి పిన్నిగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పప్పులోకి మామిడికాయ వేశానండి, పులుపు సరిపోతుందిగా అంది. "ఆ, అంతే. కూర్చో" అన్నారు మాస్టారు.

ఆవిడ నా వైపు తిరిగి, "ఇన్నేళ్ళ కాపురంలో నేనన్న దానికి అంతే అనడం ఇప్పుడే మొదలుపెట్టారు" అంది. నవ్వుతోందో ఇంకేమిటో నేను చూడలేదు, టీవీ వెనక వైర్లు సర్దుతున్నాను. ఆ కాలర్ మైకు కొన్న రోజున విద్యారంగంలో విప్లవం తెచ్చేస్తున్నానని బండి గుమ్మంలో నిలబడి తెనాలి దాకా గాలి పీల్చుకుంటూ వచ్చిన కుర్రాడొకడు గుర్తొచ్చాడు. వాడి మీద కోపం రాదు, నవ్వొస్తుంది. పిల్లల మాట పడకుండా మహా జాగ్రత్తపడ్డాడు. ఇప్పుడు ఆ ఖాళీల్లో ఈవిడ మాట సరిగ్గా పడుతోంది.

ఇక పిన్నిగారి టీవీ సంగతి. చెడిపోలేదు. ఆవిడ పెన్‌డ్రైవు పెట్టిన వెనక వైపు రంధ్రం సర్వీసు వాళ్ళకి, పెన్‌డ్రైవు పక్కనున్న దాంట్లో పెట్టాలి.